రాజనర్సయ్య బొటనగోరు

రాజనర్సయ్య అమీర్‌పేట సందులో ఆటో ఇంజన్లు విప్పి బిగించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. తన చేత్తో బిగించిన ఇంజన్ ఒక్కటీ మళ్లీ విప్పాల్సి రాలేదని ఆయన గొప్ప. అది వినీ వినీ ఎదురుగా చాయ్ తాగేవాళ్లకు విసుగు పుట్టింది.

ఆ శుక్రవారం పొద్దున మాత్రం ఆయన కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. చంద్రావతి ఆటోకి పిస్టన్ రింగులు మార్చి నిన్ననే ఇచ్చాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆవిడకు ఆ బండే బతుకుదెరువు. ఒక్కో రింగునూ పిస్టన్ ఆడే బోరులోకి తోసి, కొసల మధ్య సందులో రేకు పెట్టి కొలిచాడు కూడా. అక్కడ అనుమానం లేదు. రెండో రింగు మీద ఒక పక్క సన్నటి అక్షరం చెక్కి ఉంటుంది, ఆ పక్క పైకి రావాలి. తిరగేసి పెడితే ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది, నీలం పొగ వస్తుంది, కొన్నాళ్లకు బండి మూలపడుతుంది.

ఆ అక్షరం ఆయన కంటికి ఆనక ఐదేళ్లయింది. కళ్లజోడు చొక్కా జేబులోనే ఉంటుంది. పెట్టుకుంటే ముసలోడైపోయాడని గిరాకీలు జారుకుంటారని బెంగ. అందుకని బొటనగోరుతో గీకి చూసుకునేవాడు. ఆ గోరు కాస్తా పది రోజుల కింద సుత్తి దెబ్బకు ఊడింది. మొన్న ఉత్త వేలితో తడిమి, సరిగ్గానే ఉందిలే అనుకున్నాడు. అనుకుని సర్దుకోవడానికి అదేమన్నా కూరలో ఉప్పా?

ఇక ఆగలేక స్కూటర్ తీశాడు. పంజగుట్ట సిగ్నల్ దగ్గర చంద్రావతి ఆటో కనపడింది.

"ఏందన్నా, ఇట్లొచ్చినవ్?"

"ఊకెనే. బండెట్లున్నది?"

"మస్తున్నది. సప్పుడు సుత లేదు."

ఆ మాట చాలు, వెనక్కి పోవచ్చు. ఇంతలో పచ్చ సిగ్నల్ పడింది. ఆటో కదలగానే సైలెన్సర్ లోంచి నీలంగా సన్నటి పొగ. వేరేవాళ్లకైతే కనపడదు. ఆయనకు కనపడింది. సోమాజిగూడ దాకా వెంట పడ్డాడు. మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ అదే పొగ. ముప్పై ఏళ్ల పేరు ఒక పక్క, ఆవిడ బండి ఒక పక్క. ఆ కాస్త దూరంలో మనిషి నలిగిపోయాడు. చివరికి అడ్డంగా స్కూటర్ పెట్టాడు.

"చెల్లె, బండి షెడ్డుకు తే. రింగు నేనే తప్పు పెట్టిన."

చాయ్ తాగేవాళ్లంతా చూస్తుండగానే ఇంజన్ విప్పాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. అక్షరం కిందివైపు ఉంది. 

"మంచిగనే ఉన్నది గదన్నా గీ జోడు. ముందుగాల్నే ఎందుకు పెట్టుకోకపోయినవ్?" అంది చంద్రావతి.

ఆయన కొత్త రింగులు వేసి, అక్షరం రెండుసార్లు చదువుకుని బిగించాడు. మధ్యాహ్నానికి బండి పొగ లేకుండా సందు దాటింది. అయినా ఆయన మనసు కుదుటపడలేదు. గోరు ఊడి పది రోజులు. ఈ పది రోజుల్లో ఇంకో రెండు బండ్లకు రింగులు వేశాడు.

జోడు తీయకుండానే ఫోన్ అందుకుని, ఆ రెండు బండ్లలో ఒకదాని ఓనరుకు కలిపాడు.

"సాయిలూ, జర బండి తీస్కరా."

"ఎందుకన్నా? మంచిగనే నడుస్తుంది గద. పెట్టింది నువ్వేనాయె."

"పెట్టిన గని," అన్నాడు రాజనర్సయ్య, "సూడలే."