కాన్పు తర్వాత మళ్లీ పరుగెత్తాను

మెటర్నిటీ లీవు ముగిసి బడికి తిరిగి వెళ్లిన మొదటి వారంలోనే నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని గట్టిగా తెలిసింది. కొడవలూరు దగ్గర ఒక హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఆ సాయంత్రం ఆడపిల్లలకు ఖోఖో నేర్పుతున్నాను. వెనక నుంచి వీపు తట్టి "ఖో" అనగానే ఎలా లేచి ఉరకాలో చూపించడానికి నేనే గడిలో కూర్చున్నాను. తట్టారు. లేచాను. నాలుగు అంగలు వేశానో లేదో, నా ప్రమేయం లేకుండా మూత్రం పడిపోయింది. చుక్కా రెండు చుక్కలూ కాదు, బట్టలు తడిసేంత.

నల్ల ట్రాక్ ప్యాంటు కాబట్టి పిల్లలకు కనిపించలేదు. అయినా సీసాలో నీళ్లు కావాలనే మీద ఒలకబోసుకుని, తడిసిపోయానని నవ్వుతూ స్టాఫ్ రూముకు నడిచాను. తలుపు వేసుకున్నాక ఆ నవ్వు నిలవలేదు. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడినదాన్ని. నా కాళ్లు, నా ఊపిరి నేను చెప్పినట్టు వింటాయని గర్వపడేదాన్ని.

నిజానికి సూచనలు ముందే ఉన్నాయి. నెల్లూరులో కాన్పయింది. పాప బరువెక్కువ, నొప్పులు చాలాసేపు పడ్డాను, చివరికి వాక్యూమ్ పెట్టి తీశారు, కుట్లు పడ్డాయి. ఇంటికి వచ్చాక తుమ్మితే కాస్త, దగ్గితే కాస్త పడుతూ ఉండేది. బాలింతలకు మామూలేనని, నడుము గట్టిపడితే అదే పోతుందని చుట్టుపక్కల వాళ్లు అనేవాళ్లు. నేనూ అదే నమ్మాను.

గ్రౌండులో అలా జరిగాక నేను చేసిన మొదటి పని నీళ్లు మానేయడం. పొద్దున టీ, మధ్యాహ్నం రెండు గుక్కలు, అంతే. ప్యాడ్ లేకుండా గడప దాటేదాన్ని కాదు. ఆటలు కుర్చీలో కూర్చుని విజిల్‌తో ఆడించడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు మూత్రానికి వెళితే మంట, ఆ వెనకే చలిజ్వరం వచ్చాయి. నా భర్త ప్రభాకర్ రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజరు. ఆయన పని మధ్యలోనే వచ్చి నన్ను బండి మీద నెల్లూరు తీసుకెళ్లారు.

యూరిన్ కల్చర్ చేసి, యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని యాంటిబయాటిక్స్ రాశారు గైనకాలజిస్టు. ఎండలో తిరిగే ఉద్యోగంలో ఉండి ఇంత తక్కువ నీళ్లెందుకు తాగుతున్నావని ఆవిడ అడిగారు. అప్పటిదాకా భర్తకు కూడా చెప్పని మాట నా నోట్లోంచి బయటికొచ్చింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు. పరీక్షించారు, దగ్గమని చూశారు, మూత్రం పూర్తిగా బయటికి పోతోందా అని స్కాన్ తీయించారు.

"ఇది స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అమ్మా, అంటే దగ్గినా పరుగెత్తినా ఆ ఒత్తిడికి మూత్రం పడిపోవడం. మూత్రసంచిని కింది నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు కాన్పులో సాగి వదులయ్యాయి. నీళ్లు మానేస్తే లీకు ఆగదు, ఇన్‌ఫెక్షన్ వస్తుంది. కండరానికి పని చెబితే చాలామందికి బలం తిరిగొస్తుంది. నెలలు పడుతుంది, ఓపిక పట్టు," అన్నారు.

ఫిజియోథెరపిస్టును కలవమని రాసిచ్చారు. ఆమె ఆ రోజు లేరు. తర్వాత పాపకు జలుబు, బడిలో పరీక్షలు, ఇలా వాయిదా పడుతూ పోయింది. ఈలోగా ఫోన్‌లో వీడియోలు చూసి నేనే మొదలుపెట్టాను. పిల్లలకు డ్రిల్లు చేయించేదాన్ని గదా, శ్రద్ధకు లోటు లేదు. ఊపిరి బిగబట్టి, పొట్ట బిగించి, ఒళ్లంతా చెమట పట్టేలా చేశాను. వారాలు గడిచినా లీకు తగ్గలేదు సరికదా, సాయంత్రానికి కింద ఏదో జారుతున్నట్టు బరువుగా ఉండేది. ఇక నా ఆట అయిపోయిందని, బదిలీ పెట్టుకుని ఏదైనా కూర్చునే పని చూసుకోవాలని ప్రభాకర్‌తో అన్నాను. ఆయన వాదించలేదు. ముందు ఆ ఫిజియో దగ్గరికి పోదామని మాత్రం అన్నారు.

ఫిజియో గ్లవ్స్ వేసుకుని పరీక్షిస్తూ, నేను చేసే వ్యాయామం చేసి చూపించమన్నారు. చేశాను.

"మీరు పైకి లాగడం లేదు మేడమ్, కిందికి తోస్తున్నారు," అన్నారామె.

ఇన్నాళ్లూ నేను చేసిన కష్టమంతా తలకిందులుగా చేశానన్నమాట. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ బయటికి పోకుండా ఆపుకుంటాం చూడండి, అలా వెనక నుంచి ముందుకు బిగించి, లోపలికి, పైకి లాగమన్నారు. పొట్ట, తొడలు, పిర్రలు కదలకూడదు. ఊపిరి ఆడుతూనే ఉండాలి. కొన్ని సెకన్లు పట్టి ఉంచి, ఆ తర్వాత పూర్తిగా వదిలెయ్యాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దని కూడా చెప్పారు. రెండు మూడు ప్రయత్నాలు తప్పాయి. ఆ తర్వాత లోపల సన్నగా, బలహీనంగా ఒక కదలిక తెలిసింది. "అదే, అదే," అన్నారామె. ఎన్ని కప్పులు గెలిచినా అంత సంబరం నాకు కలగలేదు.

ఇంట్లో చాప మీద మోకాళ్లు మడిచి పడుకుని రోజూ చేసేదాన్ని. ఒకరోజు మా అత్త రాహేలమ్మ చూసి, కదలకుండా పడుకుని అదేం కసరత్తని అడిగింది. దాచకుండా అంతా చెప్పాను. విని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. తప్పుగా అనుకుందేమోనని నాకు బెంగ పట్టుకుంది. మర్నాడు ప్రభాకర్ గుంటలకు వెళ్లాక నా పక్కన వచ్చి కూర్చుంది.

"పాపా, అదేందో నాకు గూడా నేర్పు. నీ మొగుడు పుట్టినప్పటి నించి నాదీ ఇదే బాధ."

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా అత్తా?"

"ఎవురికి చెప్పేది? మీ మామకు గూడా చెప్పలా. ఆడదాని బతుకింతేలే అనుకున్న్యా."

ఆదివారం చర్చిలో ఆమె ఎప్పుడూ తలుపు పక్కనే ఎందుకు కూర్చుంటుందో, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ముగియకముందే కూర పొయ్యి మీద ఉందంటూ ఎందుకు లేచి వస్తుందో అప్పుడర్థమైంది నాకు. నాయుడుపేటలో సొంత చెల్లెలు ఉన్నా బస్సెక్కేది కాదు. మనసులో ఏదో కోపముందని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం.

అత్తను కూడా డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకు దగ్గితే పడటంతో పాటు, మూత్రం వస్తోందనిపించిన మరుక్షణం పరుగెత్తాల్సిన ఇబ్బంది కూడా ఉంది. షుగర్ పరీక్ష చేశారు, లేదు. కండరాల వ్యాయామంతో పాటు బ్లాడర్ ట్రైనింగ్ చెప్పారు. అంటే అవసరం అనిపించగానే ఉరకకుండా, బిగించి, ఆ తొందర తగ్గాక నిదానంగా వెళ్లడం. రోజుకు నాలుగైదు సార్లు తాగే టీ తగ్గించమన్నారు. అది మాత్రం అత్తకు కష్టమైంది.

అప్పటినుంచి ఇద్దరం కలిసే చేశాం. పాప మా మధ్య దొర్లుతూ ఉండేది. తుమ్ము వచ్చేముందు, బిందె ఎత్తేముందు బిగించడం అలవాటైంది. నేను బద్ధకిస్తే అత్త ఊరుకునేది కాదు. ఒకసారి వైరల్ జ్వరం వచ్చి దగ్గు పట్టుకుంటే నాకు మళ్లీ మొదటికొచ్చింది. ఏడుపొచ్చింది. అది దగ్గు పని గానీ కండరం పని కాదని, ఆపొద్దని ఫిజియో ఫోన్‌లో ధైర్యం చెప్పారు. దగ్గుతో పాటే అదీ తగ్గింది. మెల్లగా నడక, ఆ తర్వాత చిన్న పరుగు, చివరికి గెంతడం, అన్నీ ఆమె చెప్పిన వరసలోనే మొదలుపెట్టాను.

పోయిన ఏడాది నెల్లూరులో టీచర్ల ఆటల పోటీలు జరిగాయి. మహిళల ఖోఖో జట్టులో నేను పేరిచ్చాను. అత్త మనవరాలిని చంకనేసుకుని ప్రభాకర్‌తో వచ్చి మెట్ల మీద కూర్చుంది. మ్యాచికి ముందు కడుపు నిండా నీళ్లు తాగాను. వీపు మీద తట్టు పడింది. లేచాను, ఉరికాను, మలుపు తిరిగాను, స్తంభం దగ్గర ముందుకు దూకి ప్రత్యర్థిని అందుకున్నాను. పొడిగా ఉన్నాను. ఆ మాట విలువ నాకూ, మెట్ల మీద కూర్చున్న మా అత్తకూ తెలిసినంతగా ఆ మైదానంలో ఇంకెవరికీ తెలియదు. మేం ఫైనల్లో ఓడిపోయాం. అయినా బయటికి వస్తుంటే గెలిచిన జట్టు కంటే నేనే ఎక్కువ నవ్వుతున్నానని ప్రభాకర్ అన్నారు.

ఆ తర్వాతి వారమే అత్త ఒంటరిగా నాయుడుపేట బస్సెక్కింది. దిగగానే ఫోన్ చేసింది.

"దారిలో యాడా దిగలా పాపా. ఈడ మా చెల్లెలు ఏడస్తా ఉండాది, నేను నాలుగు రోజులుండి వస్తా."

ఇప్పుడు పాప నా వెంట గ్రౌండుకు వస్తుంది. పిల్లలతో నేనూ ఆడుతున్నాను. ప్యాడ్ల అవసరం లేదు. గట్టి దగ్గు పట్టుకుంటే అరుదుగా ఒక చుక్క పడుతుంది, దానికి బెదరను. వ్యాయామం మాత్రం పళ్లు తోముకున్నట్టు రోజూ చేస్తాను.

ఇది చదివే అక్కచెల్లెళ్లకు నేను చెప్పేదొక్కటే. వ్యాయామం మొదలుపెట్టే ముందు, సరైన కండరమే బిగుస్తోందా లేదా అని డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో ఒక్కసారి చూపించుకోండి. కాన్పై నెలలే అయినా, మా అత్తలా ఏళ్లు గడిచిపోయినా, ఆ పరీక్షతోనే మొదలుపెట్టండి.