మునెమ్మ పక్కన జాగా

2022లో తిరుపతిలోని నా ఎడిటింగ్ షాపుకు శిరీష అనే కొత్త పెళ్ళికూతురు తల్లి మునెమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. వడమాలపేటలో జరిగిన ఆమె పెళ్ళి వీడియో మేమే తీశాం. పెళ్ళికి మూడు నెలల ముందు తండ్రి పోయాడు.

"అన్నా, వీడియోలో మా నాయన కనపడాల. ఆయన లేని పెండ్లి నేను సూసుకోలేను," అని ఏడ్చింది.

ఇలాంటివి మాకు మామూలే. పాత ఫోటోలోని మనిషిని కత్తిరించి కొత్త దృశ్యంలో అతికించడాన్ని కంపోజిటింగ్ అంటాం. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని నాకో పొగరు. తండ్రిని పందిట్లో కూతురి వెనక నిలబెట్టి, నీడ కూడా వేసి, నాలుగు రోజుల తర్వాత ఇద్దరినీ పిలిచి చూపించాను.

శిరీష కళ్ళు తుడుచుకుంది. మునెమ్మ మాత్రం మొహం చిట్లించింది.

"ఆడెందుకు నిలబెట్టినావబ్బా? ఆయన నా పక్కన గదా ఉన్నింది!"

"ఎప్పుడమ్మా?"

"పెండ్లిలోనే. సూడు పో."

దుఃఖంలో ఏదో అంటోందనుకున్నాను. ఆమె తృప్తి కోసం, మేము తీసిన అసలు ఫుటేజీ వేశాను. మునెమ్మ స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఆమె కుడిపక్క ఒక మనిషి పట్టేంత జాగా. అక్షింతలు వేయడానికి జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఆ జాగాలోకి మాత్రం ఒక్కరూ రావడం లేదు, చుట్టూ తిరిగి పోతున్నారు. రెండో కెమెరాలోనూ అంతే. నిజం చెప్తున్నాను, నాకు భయం వేసింది.

ఎందుకంటే ఇలాంటి ఖాళీని నేను ముందే చూశాను. పని నేర్పిన గురువుగారు మాకు మొదటి పాఠంగా ఒక పాత నలుపు తెలుపు దెయ్యం సినిమా వేసేవారు. అందులో దెయ్యం ఒక్కసారీ కనపడదు. ఇంట్లోవాళ్ళు నడవాలో ఒకచోట తమకు తెలియకుండానే పక్కకు తప్పుకుంటారు, అంతే. తర్వాత ఆ ఖాళీని ఎన్ని సినిమాలు వాడుకున్నాయో లెక్కలేదు. మొన్నమొన్న వచ్చినవాటిలోనూ ఉంది. "కనపడనిదాన్ని చూపించడం ఆ సినిమాయే నేర్పిందిరా. ఖాళీని నింపొద్దు," అనేవారాయన. ఇన్నేళ్ళూ అది సినిమావాళ్ళ కిటుకనే అనుకున్నాను.

నేను అతికించిన తండ్రిని తీసేశాను. స్తంభం దగ్గరి దృశ్యాన్ని ఎక్కడా కత్తిరించకుండా, పాట కూడా వేయకుండా ఉంచాను. శిరీష ఆ జాగా వైపు చాలాసేపు చూసింది.

"ఉండాడు మా," అంది తల్లితో.

అప్పటినుంచి ఫ్రేములో ఎక్కడ ఖాళీ కనిపించినా వెంటనే చేయి పెట్టను. అది ఖాళీయేనా అని ఒకసారి చూస్తాను.

ఆ రోజు వెళ్ళేటప్పుడు మునెమ్మ కూతుర్ని ముందు పంపింది. తానూ గడప దాటి, అద్దాల తలుపు మూసుకోకుండా పట్టుకొని, ఇంకొకరు రావాలన్నట్టు లోపలికి చూస్తూ నిలబడింది. దారికి అడ్డంగా ఉన్నానని అర్థమై, నేను పక్కకు జరిగాను.