సన్మానానికి వచ్చిన కారు

మా అత్తగారు ఎవరింటికైనా వెళ్ళి కుర్చీలో కూర్చుంటే ఆ ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకునేవారు. కూర్చోకుండా గడప దగ్గరే నిలబడి ప్రశ్నలు వేస్తున్నారంటే, లోపల ఎవరో ఒకరు ఆసుపత్రికని సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టేవారు. దర్శి అవతల మా ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ ఆవిడ నర్సమ్మ. ఉద్యోగమంతా అక్కడే గడిచింది. పురుళ్ళు పోశారు, టీకాలు వేశారు. మిరప కోతలకు పై ఊళ్ళనుంచి వచ్చే కూలీల్లో కడుపుతో ఉన్నవాళ్ళను వెతికి పట్టుకుని, చేలగట్ల మీదే పరీక్ష చేసేవారు.

కోడలిగా వెళ్ళిన కొత్తలో నాకు ఆవిడంటే భయం. ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడుతూనే పాదాలు చూస్తారు, వేళ్ళు చూస్తారు, కళ్ళ కింద చూస్తారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ చూపు తగలగానే మాట ఆపేసేవారు. నాకు అమ్మ లేదు. అందుకని మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళలేదు, ఆ చూపు కిందే ఉండిపోయాను.

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఆవిడను సన్మానానికి పిలిచారు. మహిళా దినోత్సవానికి జిల్లాలో బాగా పనిచేసిన నర్సులను ఎంచి ఒంగోలులో శాలువా కప్పుతారట. ఆవిడ రిటైర్మెంటు కూడా దగ్గర్లోనే ఉంది. ఊరివాళ్ళే ముచ్చటపడి కారు మాట్లాడారు. ఆవిడ మాత్రం, "శాలువా ఈ ఎండల్లో ఏం చేసుకోనూ!" అన్నారు. అన్నారేగానీ, చీరాల నేత చీర ఒకటి ముందురోజే ఇస్త్రీ చేసి పెట్టుకున్నారు.

ఆ ఉదయం లేచేసరికే నాకు తలనొప్పి. మా ఇంటి వెనక కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి తిరిగితే ఇల్లంతా ఘాటు. ఆ ఘాటుకే తల పట్టేసిందనుకున్నాను. కల్లంలో ఎర్రదనం వైపు చూస్తే కళ్ళ ముందు ఏవో మెరుపులు ఈదుతున్నట్టున్నాయి. అదీ ఎండే అనుకున్నాను. నా భర్త సరుకు లారీతో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి ఇంకా రాలేదు. ఇంట్లో ఇద్దరమే.

నేను కూడా సన్మానానికి వెళ్ళాలని తయారవుతున్నాను. గాజులు తీసి వేరేవి వేసుకుందామంటే చేతికున్నవి ఊడి రావడంలేదు. సబ్బు రాసి లాగుతుంటే అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. కొత్త చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని ఉన్నారు. నన్ను చూసి, లోపలికి రాకుండా అక్కడే ఆగిపోయారు.

"నిన్న సాయంత్రం ఊడాయిగా అవి?"

"ఊడాయి అత్తయ్యా. ఇవాళెందుకో..."

"తల నొప్పిగా ఉందా?"

నేను చెప్పనేలేదు. అవునన్నాను.

"కళ్ళ ముందు ఏమన్నా మెరుస్తోందా?"

అప్పుడు నాకు భయమేసింది. ఆ మెరుపుల సంగతి ఆవిడకెలా తెలిసిందా అని. ఆవిడ దగ్గరకొచ్చి కుడివైపు పక్కటెముకల కింద మెల్లగా నొక్కారు. నేను కెవ్వుమన్నాను.

"ఏంలేదు, పడుకో. ఎడమవైపు తిరిగి పడుకో" అని కిటికీలు మూసేశారు. బీపీ మిషన్ తెచ్చి పట్టీ చుట్టారు. గాలి కొట్టి వదిలారు. మళ్ళీ కొట్టారు. మూడోసారి కూడా చూశారు. ఎంత ఉందని అడిగితే చెప్పలేదు. బయట వీధిలో ఎవరో, "నర్సమ్మ గారూ, కారొచ్చింది" అని పిలిచారు. జనం పోగైనట్టున్నారు, నవ్వులు వినిపిస్తున్నాయి. ఆవిడ తలలోంచి పూలు తీసి మంచంమీద పెట్టి ఫోనందుకున్నారు.

మండలం ఆసుపత్రి డాక్టరుగారితో మాట్లాడింది నాకు సగమే అర్థమైంది. "సార్, నా కోడలే... అవును సార్, గుర్రపువాతం, ఫిట్సు వచ్చేలా ఉంది... మొదటి డోసు ఇచ్చి నేరుగా ఒంగోలు తీసుకెళ్తాను, మీరు వాళ్ళకు చెప్పండి." అంబులెన్సు రావడానికి టైము పడుతుందన్నారట. పక్కనే ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంనుంచి మందు తెచ్చి రెండు తుంట్లకూ ఇంజెక్షన్లు చేశారు. నిప్పు పోసినట్టుంది. అరుస్తానని భయపడి దిండు కొరికాను.

బయటికి తీసుకొస్తుంటే జనం నవ్వులు ఆగిపోయాయి. పూలదండ పట్టుకున్నావిడ దాన్ని వెనక్కి దాచుకుంది. ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కారు డ్రైవరు అద్దంకి మనిషి, పెద్దవయసు సాయిబు గారు. వెనక సీట్లో నా తల ఆవిడ ఒళ్ళో ఉంది. చెట్ల సందుల్లోంచి ఎండ పడి మెరవకుండా కొంగు నా కళ్ళమీద కప్పారు. దారంతా నా మోకాలు మీద వేళ్ళతో తడుతూ, ఊపిరి గమనిస్తూ, ఏవేవో చిన్న ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. పొద్దున ఏం తిన్నావు, పాల పాకెట్టు ఎక్కడ పెట్టావు. జవాబు ఆలస్యమైతే ఆవిడ గొంతు గట్టిపడేది.

ఒకచోట మిర్చి బస్తాల ట్రాక్టరు అడ్డంగా నిలిచిపోయింది. కారాగింది. డ్రైవరు హారను కొట్టబోతే ఆవిడ, "హారను వద్దండీ, పెద్ద చప్పుడు ఈ జబ్బుకు పనికిరాదు. దిగి చెప్పండి" అన్నారు. ఆయన దిగి, కేకలేసి ట్రాక్టరు పక్కకు తీయించి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"మా ఇంటికి వచ్చినప్పుడు కూడా హారను కొట్టొద్దనే అన్నారమ్మా మీరు" అన్నాడు నెమ్మదిగా.

నేను కొంగు కిందనుంచే, "అప్పుడేమైంది?" అని అడిగాను.

"నువ్వు మాట్లాడకు" అన్నారు ఆవిడ. డ్రైవరు కూడా ఇంకేమీ చెప్పలేదు. కారు వేగం మాత్రం పెరిగింది. ఆ మౌనంలో నేను చచ్చిపోతానేమో అని మొదటిసారి అనిపించింది.

ఒంగోలులో అందరూ సిద్ధంగా ఉన్నారు. ఆపరేషన్ చేసి పాపను తీశారు. అరచేతిలో పట్టేటంత పిల్లని అద్దాలపెట్టెలో పెట్టారు. సాయంత్రానికి నా భర్త పరుగెత్తుకొచ్చాడు. తల్లీబిడ్డా క్షేమమని విని స్వీట్లు కూడా కొన్నాడు. అత్తగారు స్వీట్ల పెట్టె మూత తెరవనివ్వలేదు.

"ఇంకా అయిపోలేదురా" అన్నారు. "కాన్పైపోతే అయిపోయిందనుకుంటారు. ఇది కాన్పు తర్వాత కూడా వస్తుంది."

ఆయనకు కోపం వచ్చింది. "ఎప్పుడూ చెడే తలుస్తావేంటమ్మా!" అన్నాడు. ఆవిడ నా మంచం పక్కకు స్టూలు లాక్కున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తలనొప్పి మళ్ళీ తిరిగొచ్చింది. నేను చెప్పేలోపే నా కాలివేళ్ళు పట్టుకుని కూర్చున్న ఆవిడకు తెలిసిపోయింది. వార్డు నర్సును పిలిచారు. ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఆ తర్వాత నాకేమీ గుర్తులేదు. వాతం వచ్చి కొట్టుకున్నానట. ఆ అమ్మాయి, మా అత్తగారు చెరోవైపు పట్టుకుని పక్కకు తిప్పి, నాలుక కరుచుకోకుండా, గొంతుకు ఏదీ అడ్డం పడకుండా చూశారట. డాక్టరు వచ్చేసరికి మందు సిద్ధంగా ఉందట. నా భర్త గోడకానుకుని నేలమీద కూలబడిపోయాడట. ఇదంతా ఆయనే తర్వాత చెప్పాడు. అప్పటినుంచి వాళ్ళమ్మను చెడు తలుస్తావని ఎప్పుడూ అనలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆవిడ ఇంకా ఆ చీరాల చీరలోనే ఉన్నారు. తోటి నర్సులు ఇద్దరు శాలువా, జ్ఞాపిక తీసుకుని వార్డుకే వచ్చారు. ఆవిడ పెదవులమీద వేలు పెట్టి వాళ్ళను మెల్లగా మాట్లాడమన్నారు. శాలువా మడత విప్పకుండా మంచం కింద పెట్టారు. వెళ్ళిపోతూ ఆ ఇద్దరూ వార్డు నర్సు దగ్గరికి వెళ్ళి, ఆ అమ్మాయి చేయి పట్టుకుని, నన్ను కాపాడినందుకు చాలాసేపు మెచ్చుకున్నారు. ఆ అమ్మాయి ఏడ్చేసింది.

మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి అదే డ్రైవరు వచ్చాడు. పాపను చూసి దణ్ణం పెట్టుకుని, ఆనాడు చెప్పనిది అప్పుడు చెప్పాడు. తన భార్యకూ ఇదే వాతం వచ్చి, వాళ్ళ బిడ్డ దక్కలేదట. "నా భార్యను మాత్రం ఈవిడే నడిపించుకుని ఇంటికి తెచ్చారమ్మా" అన్నాడు.

ఆవిడ రిటైరయ్యారు. పాప బొద్దుగా తయారైంది. పెరట్లో ఆవిడ దానికి నూనె రాస్తుంటే ఒకరోజు ధైర్యం చేసి, ఆ పొద్దున బీపీ ఎంత ఉందని అడిగాను. నూనె చేయి ఆగింది.

"అంకె నీకెందుకులే. మిషన్ చెడిపోయిందేమో, చెడిపోతే బాగుండునని మూడుసార్లు చూశాను. ఇంతకాలంలో ఎవరి దగ్గరా అలా కోరుకోలేదు."

పాపను బోర్లా తిప్పుతూ అన్నారు: "ఇంకో కాన్పు వద్దమ్మాయ్. వాడికి నేను చెప్తాను. ఇంకోసారి నేను నీతో ఆ కారెక్కలేను."

అలాగేనన్నాను.