అవ్వకు వచ్చిన కార్డు

గ్వాంగ్‌జౌలోని ఆ పార్కులో ఆదివారం ఉదయం ఉన్నవి, ఉన్నవాళ్లు: వరసల్లో డాన్సు చేసే ఆడవాళ్లు, పంజరాల్లో పిట్టలు, వాటిని తెచ్చిన ముసలివాళ్లు, ఆఫీసు పని మీద వెళ్లి సెలవు దొరికిన నేను. ఒక తాత పొడవాటి కుంచెను నీళ్లలో ముంచి రాతి పలకల మీద అక్షరాలు రాస్తున్నాడు. తడి రాతి వాసనకు హాయిగా కూర్చున్నాను. ఆయన మనవడు ఆ అక్షరాలను గట్టిగా కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. నా హాయి పోయింది.

నాన్నకు యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయినప్పుడు నాకు ఆరేళ్లు. నెల్లితోపులో మా పక్కింటి రాజమ్మ అవ్వ సాయంత్రాలు నన్ను పార్కుకు తీసుకెళ్లేది. వాళ్లు తరతరాలుగా అక్కడివాళ్లే. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆమెకు తెలుగు చదవడం రాదు. ఒకరోజు నెల్లూరు నుంచి కార్డు వచ్చింది. అక్కడ ఆమె చెల్లెలికి జబ్బు.

"ఏం రాసినారో చూడు కన్నా. రేపు నేను బస్సెక్కి పోవాల," అంది బెంచీ మీద కూర్చుంటూ.

అమ్మ నాచేత రోజూ తప్పుల్లేకుండా చదివించేది, అర్థం మాత్రం అడిగేది కాదు. అలాగే చదివాను. "పెద్దమ్మా, అమ్మ సోమవారం పోయింది. నీ కోసం సాయంత్రం దాకా చూసి ఎత్తేశాం."

"యాడన్నా తప్పు చదివినావేమో. ఇంకో తూరి చదువు."

నాకు రోషం వచ్చింది. "తప్పేం లేదవ్వా!" అని ఇంకా గట్టిగా చదివాను.

"నిదానంగా చూడు నాయినా," అంది.

తప్పు చదివానని ఒప్పుకుంటానేమోనని ఆమె చూసిందని ఇప్పుడు తెలుస్తోంది. మొత్తం నాలుగుసార్లు చదివాను.