భద్రమ్మ తొలి గంప

భద్రమ్మకు కడుపుమంట దాచుకోవడం చేతకాదని ఊరందరికీ తెలుసు. దొంగతనం కూడా చేతకాదని ఇంట్లో ఒక్క మనిషే కనిపెట్టింది. ఆ మనిషి తోడికోడలు సోమమ్మ కావడమే భద్రమ్మ బాధ. మరెవరు కనిపెట్టినా ఓర్చుకునేదేమో.

భద్రమ్మ పుట్టిల్లు కోదాడ పక్కన. సూర్యాపేట దగ్గరి గొల్లల ఇంటికి లింగయ్య పెళ్లాంగా వచ్చి చాలా ఏళ్లయింది. చిన్నప్పుడు చెల్లెలి ముక్కుపుడక తనదానికంటే మెరుస్తోందని అన్నం మానేసిన పిల్ల. పెళ్లిపీటల మీద మొగుడితో మాట్లాడిన మొదటి మాట, పక్క పందిట్లో డప్పులు ఎక్కువ మోగుతున్నాయని. లింగయ్య ఊ అన్నాడు. ఆ తర్వాత బతుకంతా ఆయన అన్నది అదే. పనిలో మాత్రం భద్రమ్మకు వంక పెట్టేవాళ్లు లేరు. ఈనలేక కొట్టుకునే గొర్రె దగ్గర ఆమె కూర్చుందంటే తల్లీ పిల్లా బతికినట్టే. కానీ ఏడ్చేవాళ్ల ఎడమపక్క ఉండొద్దంటారు కదా, అందుకే పని అయ్యాక ఆమె పక్కన ఎవరూ ఎక్కువసేపు కూర్చునేవారు కాదు.

అవన్నీ చిన్న మంటలు. మరిది మైసయ్యకు పెళ్లయ్యాక అసలు మంట ఇంట్లోకే వచ్చింది. సోమమ్మది మిర్యాలగూడ వైపు, చెరువు కింద వరి పండే ఊరు. జొన్నరొట్టెల ఇంటికి కాపురానికి వస్తూ బస్తా సన్నబియ్యం తెచ్చింది. అత్త కొమురమ్మ ఆ అన్నం రెండు ముద్దలు తిని, పానం లేచొచ్చినట్టుందని మెచ్చుకుంది. ఇన్నేళ్లుగా తన చేతి రొట్టెలు తిని బతికిన పానం ఇప్పుడు కొత్తగా లేచిరావడమేమిటని భద్రమ్మ ఆ రోజంతా గిన్నెలతో మాట్లాడింది.

పెద్దగట్టు మీద లింగమంతుల స్వామికి రెండేళ్లకోసారి జాతర. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ కోడలు సాకిన పొట్టేలు స్వామికి వెళుతుందో, ఆ కోడలే గంప ఎత్తుకుని ఇంటివాళ్లందరికంటే ముందు నడవాలి. గంపలో పసుపు, కుంకుమ, నైవేద్యం, పైన దీపం. కాపురానికి వచ్చిన నాటినుంచి ఆ తొలి గంప భద్రమ్మదే. ఏడాది పొడవునా దొడ్లో పెంటికలు ఎత్తే మనిషికి ఆ ఒక్కరోజు జనం పక్కకు జరిగి దారి ఇస్తారు. ఆమెకంటూ ఉన్న నగ అదొక్కటే.

కిందటి జాతర గొడవల భయంలో సగంసగంగా జరిగింది. ఇప్పుడు రజాకార్ల పీడ వదిలింది, బండ్లు మళ్లీ రోడ్డెక్కాయి. ఈ మాఘమాసం జనం విరగబడతారని అందరూ అంటున్నారు. సరిగ్గా ఈసారే సోమమ్మ పొట్టేలు అందరి కళ్లలో పడింది. తల్లి చచ్చిన పిల్లను ఒళ్లో పెట్టుకుని సాకింది. అది ఇప్పుడు మందకే పెద్ద అయి, మెడలో గంటతో ముందు నడుస్తోంది. కొమురమ్మ దాని వీపు నిమిరి, ఈసారి గంప చిన్నకోడలే ఎత్తుతుందని తేల్చేసింది. సోమమ్మ నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెత ఊరికే పుట్టలేదు. భద్రమ్మ దొడ్డి వెనక్కి పోయి ఏడ్చింది. ఏడ్చినప్పుడు ఆమెవల్ల ఎవరికీ నష్టం లేదు. ఏడుపు ఆపి ఆలోచించడం మొదలుపెట్టింది, అదే తప్పయింది.

కోదాడ నుంచి తమ్ముడు పర్వతాలును పిలిపించింది. పొట్టేలును అమ్మడం, కోయడం ఆమె ఉద్దేశం కాదు. జాతర అయ్యేదాకా వాడి మందలో దాచి, తర్వాత ఎక్కడో దొరికిందని తెచ్చి ఇవ్వాలి. అది లేకపోతే స్వామికి ఎప్పటిలా తన పొట్టేలే వెళుతుంది. దొంగతనమైనా సగమే చేద్దామనుకుంది, అంత మంచిది.

"బావకు తెలిస్తే నా కాళ్లిరగ్గొడతాడక్కా," అన్నాడు పర్వతాలు.

"మీ బావకు గంత దమ్ముంటె నాకీ గతెందుకు తమ్మీ. నా గంప నాకు దక్కితె సాలు, ఇంకేం అడుగ," అంది భద్రమ్మ.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మంద నీడన పడుకుంది. కాపలా ఉన్న మైసయ్య గొంగడి పరుచుకుని గుర్రు పెడుతున్నాడు. సద్ది తెచ్చిన నెపంతో వచ్చిన భద్రమ్మ, పొట్టేలు గంటలో తన పాత చీర పేలిక కుక్కి, మెడకు పగ్గం కట్టి తమ్ముడి చేతికిచ్చి, ఏమీ ఎరగనట్టు ఇంటిదారి పట్టింది.

అక్కడిదాకా పని సక్రమంగానే జరిగింది. అయితే దొంగ అన్నవాడు పశువును వెనకనుంచి అదిలిస్తూ తోలుకుపోతాడు. పర్వతాలు దొంగ కాదు, గొల్లవాడు. పగ్గం భుజాన వేసుకుని ముందు నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, పుట్టి బుద్ధెరిగిన నాటి అలవాటు నాలుక మీదికొచ్చింది. మందను నీళ్లకు పిలిచినట్టు "ట్రూ... ట్రూ..." అని పిలిచాడు. తాను పిలిచిన సంగతి తనకే తెలియదు. గొర్రెలకు తెలిసింది. పడుకున్న మంద మందంతా లేచి, తమ పెద్ద వెనక కదిలింది. వెనక్కి చూస్తే ఎవరి కంటనైనా పడతానని పర్వతాలు మెడ తిప్పలేదు. వెనక లేచే దుమ్ము బండ్లదనుకున్నాడు.

కోదాడ రోడ్డు మీద గొర్రెల బేరగాడు ఫకీరా ఎదురయ్యాడు. ఇంత మందను ఎక్కడికి తోలుకుపోతున్నావని అడిగాడు. మంద ఏమిటి, ఇదొక్కటే, ఇది నాదేనన్నాడు పర్వతాలు. ఫకీరా చెయ్యి చూపించాక వెనక్కి తిరిగాడు. రోడ్డు నిండా గొర్రెలు, అన్నీ ఆగి, నీళ్లెక్కడని వాడి మొహంలోకి చూస్తున్నాయి. లింగయ్య ఇంటి గొర్రెలన్నిటికీ కుడిచెవి కొనకు ఒకే గాటు ఉంటుంది. ఆ గాటు పొట్టేలుకూ ఉంది.

"జర నీళ్లు తాగు భాయ్, ఎండ దెబ్బ తగిలినట్టుంది నీకు. ఇవన్నీ మీ బావ గొర్రెలు గద," అన్నాడు ఫకీరా. కాపలావాడు నిద్రపోతే మంద రోడ్డెక్కిందనీ, దారినపోతున్న బావమరిది చూసి ఆపాడనీ ఆయనే కథ అల్లి, మందను వెనక్కి మళ్లించాడు. పర్వతాలు పొట్టేలు మెడలోని పగ్గం విప్పేసి ఆయన వెనకే నడిచాడు.

ఇంటి దగ్గర అప్పటికే శోకాలు. మైసయ్య లేచి చూస్తే ఒక్క గొర్రె లేదు. ఇంటిల్లిపాదీ తిండి అదే. ఒక్కదాన్ని తీసుకుపొమ్మంటే తోడబుట్టినవాడు మందనే ఎత్తుకుపోయాడని భద్రమ్మ లోలోపల గుండె బాదుకుంది. తమ్ముడి పేరు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఆ ఏడుపు చూసి కొమురమ్మే ఆమెను ఓదార్చింది.

పొద్దు వాలుతుండగా మంద వచ్చింది. ఫకీరా కథంతా చెప్పాడు. కొమురమ్మ పర్వతాలు గడ్డం పట్టుకుని, కొడుకుకంటే నువ్వే నయమని, వాడికోసం కోడిని కోయించింది. పర్వతాలు తల ఎత్తకుండా తిన్నాడు. మైసయ్యకు తిట్లు పడ్డాయి.

సోమమ్మ మాత్రం తిన్నగా తన పొట్టేలు దగ్గరికి పోయింది. గంట మోగలేదు. వేలు పెట్టి లోపలి పేలిక లాగింది. దాని అంచు ఇంట్లో అందరూ ఎరిగిన అంచే. గుమ్మడికాయల దొంగలా భద్రమ్మ కొంగు సవరించుకుంది. సోమమ్మ పేలికను పిడికిట్లో నలిపి, పొయ్యి దగ్గరికొచ్చి మంటలో వేసింది.

"గంప నువ్వే ఎత్తుకో అక్కా. అత్తకు నేను జెప్త. అడిగితె ఇయ్యకపోదునా, మూగజీవాలను గంత పరేషాన్ జేస్తివి," అంది మెల్లగా.

భద్రమ్మ గరిటె అందుకుని కూర కలిపింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేది. సోమమ్మ అన్నమాట ప్రకారమే అత్త దగ్గరికెళ్లి, మందను కాపాడింది అక్క పుట్టింటివాళ్లు కాబట్టి తొలి గంప అక్కదేనని చెప్పింది. కొమురమ్మ సరేనంది. సరేనని ఊరుకుంటే పోయేది. చిన్నదాని గుణం చూసి నేర్చుకోండని వీధిదాకా వినబడేలా చెప్పింది. గంప దక్కిందన్న సంతోషం భద్రమ్మకు ఆ వంటపొయ్యి దగ్గరే ఆరిపోయింది. మంచితనం కూడా దానికే ఇవ్వాలా దేవుడు అనుకుంది.

జాతరనాడు గట్టు కింద ఇసుక వేస్తే రాలనంత జనం. సూర్యాపేట బండ్లు, కోదాడ బండ్లు, మిర్యాలగూడ బండ్లు. డప్పులు మోగాయి. భద్రమ్మ పసుపు చీర కట్టి, గంప తలకెత్తుకుని అందరికంటే ముందు నడిచింది. జనం పక్కకు జరిగారు. ఆమె అడిగింది ఇదే, ఆమెకు దక్కిందీ ఇదే. కానీ జనం చూపులు ఆమె మొహం మీద ఒక్క క్షణం ఆగి, భుజం మీదుగా వెనక్కి జారిపోతున్నాయి. అక్కడ సోమమ్మ వస్తోంది, పగ్గం లేకుండా పొట్టేలు ఆమె కొంగు పట్టుకున్నట్టు నడుస్తోంది. ఆడవాళ్లు బుగ్గన వేలేసుకుంటున్నారు.

"ఎంత ముద్దుగున్నదే," అంది దారిపక్క ఒక ముసలమ్మ.

పొట్టేలునా, సోమమ్మనా? భద్రమ్మకు అది తెలియాలి. తెలియకపోతే ఊపిరి ఆడేలా లేదు. కానీ గంప మీద దీపం వెలుగుతోంది, తల తిప్పితే ఒరిగిపోతుంది. గట్టు పైకెక్కేదాకా ఆమె మెడ బిగబట్టుకుని, అందరికంటే ముందు, నేరుగా చూస్తూ నడిచింది.