జరిపిన గుర్తు

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బెంగళూరులో నా పీహెచ్‌డీ తొలినాటి గెలాక్సీల మీద. వాటి చుట్టూ దుమ్ము ఎంత దట్టమంటే మామూలు టెలిస్కోపుకు అక్కడేమీ కనిపించదు. రేడియో టెలిస్కోపులో మాత్రం మసక మరకల్లాగా తేలతాయి. దారిలో బరువైన గెలాక్సీల గుంపు అడ్డొస్తే, ఆ బరువుకు వెలుగు వంగి, ఒకే గెలాక్సీ రెండు మూడు చోట్ల కనిపిస్తుంది. నాది అప్పటికి రెండు చోట్ల దొరికింది. మూడో చోటు ఎక్కడో లెక్కగట్టాలి. మా పనిలో ఒక కట్టుబాటుంది. ముందు పటం మీద గుర్తు పెట్టాలి, ఆ తర్వాతే కొత్త డేటా తెరవాలి. ముందే చూస్తే మనకు తెలియకుండానే లెక్కను అటు లాగేస్తాం.

శుక్రవారం గుర్తు పెట్టాను. శనివారం డేటా వచ్చింది. సోమవారం కలిసి తెరుద్దామని మా గైడ్‌కు చెప్పి చందాపురలో అమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళ కష్టం ఆ ఒక్క గుర్తు మీద ఉంది మరి!

ఆదివారం చర్చిలో అమ్మ పక్కన కూర్చుని ఉండగా ఫోన్‌లో గైడ్ మెసేజ్ వచ్చింది. ఆగలేక తెరిచేశారట. మరక నా గుర్తుకు కాస్త పక్కన పడిందట. లెక్క సర్ది గుర్తు దాని మీదికి జరిపేశారట. పైగా అభినందనలు! పాట పాడుతున్నదాన్ని నోరు మూసుకున్నాను.

అమ్మ రిటైరైన నర్సు. ఇంటికి నడుస్తూ జరిగింది చెప్తే ఆమెకు ఒక్క ముక్క కూడా విడమర్చాల్సిన పని పడలేదు.

“జ్వరం చూడకుండా చార్టు నింపే సిస్టర్లను శానామందిని చూసినా. ఈయప్ప చూసి మరీ దిద్దినాడు. నీ చార్టులో ఏముండాదో అదే రాయి” అంది.

సోమవారం పొద్దున్నే గైడ్ గదికి వెళ్ళి అడిగాను. ఆయనదీ తెలుగే. వెంట్రుకవాసి తేడాకు ఇంత రాద్ధాంతమా అన్నారు, నా మంచికే చేశానన్నారు.

నా మంచికట!

నా లాప్‌టాప్‌లో శుక్రవారం నాటి కాపీ ఉండబట్టి బతికిపోయాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. గుర్తును మరక మీదికి తేవడానికి, దారిలో అడ్డొచ్చిన గుంపులో ఒక గెలాక్సీ బరువును ఆయన ఏకంగా రెట్టింపు చేశారు. ఎవరడిగారు? కొలిచిన బరువులు కొలిచినట్టే ఉంచితే ఆ తేడా పోదు. అంటే మాకు కనిపించని బరువు ఇంకేదో అక్కడ ఉంది. అసలు కనిపెట్టాల్సింది దాన్నే! దాన్ని ఈ మనిషి తుడిచేసి నాకు అభినందనలు చెప్పాడు.

మా ఇద్దరి పేర్లతో రావాల్సిన పరిశోధన పేపర్లో శుక్రవారం గుర్తే వేశాను, మరకకు దూరంగా, ఎక్కడ పెట్టానో అక్కడే. కింద జరిగింది జరిగినట్టు రాశాను.

అది చదివాక ఆయన ముఖం ఎర్రబడింది. “ఇలాగైతే నా పేరు తీసెయ్యమ్మా” అన్నారు.

తీసేశాను.