తప్పు గాలిది

మా జలాలుద్దీన్ మాస్టరుకు ఒకే ఒక్క అలవాటు. ఏమడిగినా మొదట్నుంచి చెప్పేవాడు. ఆ మొదలు ఎక్కడుంటుందో అల్లాకే తెలియాలి. మామూలుగా సూర్యుడి దగ్గరుండేది. అక్కడ్నుంచి హైదరాబాదులోని మా కార్వాన్ దాకా దిగి వచ్చేసరికి, అడిగినవాడు తానేమడిగాడో మరిచిపోయి ఇంటిదారి పట్టేవాడు.

ఆయన వస్తానియాలో, అంటే మిడిల్ బడిలో, సైన్స్ మాస్టరు. నేను అదే బడిలో లెక్కల మాస్టర్ని, పైగా ఆయన పక్కింటివాణ్ణి. లెక్కలవాడికి రెండూ రెండూ నాలుగంటే కథ కంచికి వెళ్లాలి. ఆయన దగ్గర ఏ కథా కంచికి వెళ్లేది కాదు. ఒకరోజు హోటల్లో కూర్చుని ఉబుసుపోక, "చాయ్ జల్ది చల్లారుతది ఎందుకు భాయ్?" అన్నాను. అది నా బుద్ధి తక్కువ.

"బాలనర్సింహ సాబ్, ముందుగాల వేడి అంటే ఏందో చూడాలె. సూర్యుడున్నడు కదా..."

నా చాయ్ చల్లారింది. పక్కవాడి చాయ్ కూడా చల్లారింది. ఆయన ఇంకా సూర్యుడి దగ్గరే ఉన్నాడు.

గాలికి బరువుంటుందని ఒకసారి పాఠం చెప్పాడు. మర్నాడు సగం తరగతి నెత్తికి దట్టంగా రుమాళ్లు చుట్టుకుని వచ్చింది. ఒక పిల్లాడి తల్లి ఏకంగా బడికే వచ్చి నా మీద పడింది. "సారూ, మా పోరని నెత్తి మీద రోజు ఎన్ని మణుగుల గాలి పెడుతున్నరు మీరు? వాడు ఎట్ల పెరగాలె?" నేను లెక్కల మాస్టర్నని ఎంత మొత్తుకున్నా వినలేదు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఇంకా అమాయకుడు. ఆకు పచ్చగా ఎందుకుంటుందని అడిగాడు. అడిగీ అడగ్గానే ఒక పిల్లాడు లేచి, "సాబ్, ముందుగాల సూర్యుడు యాడున్నడో చూద్దాం రాండ్రి" అని ఆయన్ని ఎండలోకి తీసుకుపోయాడు. గంట తర్వాత ఆఫీసరు చెమటలు తుడుచుకుంటూ వచ్చి రిజిస్టర్లో రాశాడు: "పిల్లలకు చాలా తెలుసు. ఏం తెలుసో నాకు తెలియలేదు."

పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో రంజాన్ పండుగ చలికాలంలో వచ్చింది. మా వీధికంతా పాలు పోసేది ఎల్లమ్మ. పండుగ పొద్దున షీర్ ఖుర్మా పాయసం కోసం ఇంటింటా పాలు పొయ్యెక్కాయి. ఇంటింటా విరిగాయి. జలాలుద్దీన్ ఇంట్లోనూ అంతే. ఆయన బేగం షౌకత్ బీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందట.

నమాజు నుంచి వస్తూనే జనం ఎల్లమ్మ వాకిట్లో చేరారు. అందరికంటే ముందు అత్తర్ల దుకాణం వహీద్ ఉన్నాడు.

"ఏం కలిపినవ్ ఎల్లమ్మా పాలల్ల? పండుగంత ఖరాబ్ చేస్తివి! రేపట్నుంచి నీ పాలు బంద్!"

"నా బర్రె మీద ఒట్టు, ఏం కలుపలే భాయ్!" ఎల్లమ్మ గుండెలు బాదుకుంది. "నెల కింద గీ కొత్త కోడలు కాలువెట్టింది. దీని పాదం మంచిది గాదు. ఇయ్యాల్నే తల్లిగారింటికి తోలిస్త!"

కోడలి పేరు ఆండాలు. గడపలో నిలబడి ఏడుస్తోంది. పక్కనే ఆమె బట్టల మూట కట్టేసి ఉంది. నెలకే వెనక్కి వచ్చిన పిల్లకు ఊళ్లో ఏం పేరొస్తుందో అందరికీ తెలుసు.

జలాలుద్దీన్ పాల బిందెలోకి తొంగి చూశాడు. ఇత్తడి బిందె అద్దంలా మెరుస్తోంది. లోపల వేలు పెట్టి నాలుకకు రాసుకున్నాడు. తర్వాత ఆండాలు చేతులకేసి చూశాడు.

"సైన్స్ మాస్టర్ సాబ్, మీరే చెప్పుండ్రి. ఎందుకిరిగినయి?" అన్నాడు వహీద్.

చచ్చాం అనుకున్నాను.

"ముందుగాల," అని మొదలుపెట్టాడు జలాలుద్దీన్, "సూర్యుడున్నడు కదా. చలికాలంల జర పక్కకు జరుగుతడు. గప్పుడు గాలి చల్లగైతది, బరువైతది. ఇత్తడి ముడుచుకుంటది. పాలకు ముడుచుకునుడు రాదు. మరి పాలు యాడికి పోవాలె?"

"యాడికి పోవాలె?" అన్నాడు వహీద్ బెదిరిపోయి.

"గదే నేను అడుగుతున్న!"

అక్కడ్నుంచి సముద్రానికి వెళ్లాడు. అక్కడ్నుంచి బర్రె నాలుగు కడుపులకు వచ్చాడు. గంట గడిచింది. జనం ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు. నేను రెండుసార్లు ఆవలించాను.

"ఆఖరికి తప్పెవరిది మాస్టర్ సాబ్?" అన్నాడు వహీద్ నీరసంగా.

"గాలిది."

"మరి కోడలిది?"

"కోడలు గాలి కాదు కదా, మియా!"

జనం తలలు పట్టుకుని ఒక్కొక్కరే జారుకున్నారు. విరిగిన పాలల్లో చక్కెర కలుపుకుని పండుగ చేసుకున్నారు. ఎల్లమ్మ కాసేపు బుర్ర గోక్కుంది. "గాలిని ఏ తల్లిగారింటికి తోలుతం?" అని గొణుక్కుంటూ మూట విప్పింది.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను. "నిజంగ ఎందుకిరిగినయి భాయ్?"

"చింతపండు. ఆ పిల్ల బిందెను మంచిగ తోమింది, మంచిగ కడగలే. పులుపు తగిలితే పాలు విరుగుతయి."

నేను వీధి మధ్యలో ఆగిపోయాను. పన్నెండేళ్ల స్నేహంలో ఆయన సూర్యుడు లేకుండా మాట్లాడగా వినడం అదే మొదటిసారి.

"మరి గీ ముక్క ఆడనే చెప్పకపోయిన్రు?"

"చెప్తే అందరికీ సమజ్ అయితుండె కదా!" అన్నాడు చిరాగ్గా, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

ఆ క్షణాన ఆయన్ని కావలించుకోవాలనిపించింది. వీధిలో బాగుండదని ఊరుకున్నాను.

మర్నాడు పాలు పోయడానికి ఆండాలే వచ్చింది. జలాలుద్దీన్ గుమ్మం దగ్గర ఆమెతో ఏదో అన్నాడు. రెప్పపాటులో అయిపోయింది. ఆమె మా ఇంటికి రాగానే అడిగాను.

"మాస్టర్ సాబ్ ఏం చెప్పిండమ్మా?"

"చింతపండుతోటి తోమితే నీళ్లతోటి మూడుసార్లు కడుగు బిడ్డా అన్నడు."

"అంతేనా?"

"అంతే." పాలు కొలిచి పోస్తూ నావైపు కొంచెం జాలిగా చూసింది. "ఆయన పాఠం ఎవ్వలకు సమజ్ కాదట గదా సారూ? గింత సాఫ్‌గ చెప్తడు. మీ ఇస్కూల్ల పిల్లలు ఇనరా ఏంది?"